పిల్లికి నడుముంది, నాకూ ఉంది

పరీక్ష ముందురోజు రాత్రి నాకు పుట్టే జ్ఞానతృష్ణ సెమిస్టర్ మధ్యలో ఒక్కసారి పుట్టినా ఈపాటికి ఎక్కడో ఉండేవాణ్ణి.

ఆ రాత్రి చదవాల్సింది ఎంట్రోపీ, అంటే చిందరవందరకు కొలత. నోట్సు నాది కాదు, క్లాసులో అందరికంటే నీటుగా రాసే స్నేహితుడిది. విడి కాగితాలు, సరిగ్గా 80. క్లాసియస్ అనే శాస్త్రవేత్త 1865లో ఆ మాట పుట్టించాడని మొదటి కాగితంలోనే ఉంది. ఆ వెంటనే బోల్ట్‌జ్‌మన్ అనే మరో శాస్త్రవేత్త సమీకరణం: ఎన్ని ఎక్కువ రకాలుగా అమరడానికి వీలుంటే ఎంట్రోపీ అంత ఎక్కువ. వియన్నాలో ఆయన సమాధి మీద దాన్నే చెక్కారని ఎప్పుడో విన్నాను. నిజమేనా అని ఫోన్ తీశాను. నిజమే. ఫోన్ మాత్రం మళ్లీ పెట్టలేదు.

సమాధి నుంచి ఎటు తిరిగానో గానీ, ఒంటిగంటన్నరకు పిల్లి దగ్గర తేలాను. వెల్లకిలా వదిలేసినా అది కాళ్ల మీదే ఎలా దిగుతుంది? గాల్లో తన్నుకోవడానికి ఆధారమే లేదు కదా! మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1894లో పడుతున్న పిల్లిని వరసగా ఫొటోలు తీసి చూపించాడు. కిటుకంతా నడుములో ఉంది. ముందుకాళ్లు ముడిచి, వెనకకాళ్లు చాపి ముందు సగాన్ని తిప్పుతుంది. తర్వాత ముందువి చాపి, వెనకవి ముడిచి రెండో సగాన్ని తెచ్చుకుంటుంది.

నడుము నాకూ ఉంది. గదిలో గిర్రున తిరిగే కుర్చీ కూడా ఉంది.

కాళ్లు పైకెత్తి, చెరో చేత్తో లావుపాటి పుస్తకం పట్టుకుని, చేతులు చాపి ఒళ్లు ఎడమకు తిప్పాను. కుర్చీ కుడికి కదిలింది! ఇంత విజయం ఒంటరిగా ఏం చూస్తాం, రూమ్మేట్‌ను లేపాను. వాడు ఒక కన్ను మాత్రం తెరిచాడు. ఆ ఒక్క కన్ను కోసం ఈసారి గట్టిగా తిప్పాను.

కుర్చీ అటు, నేను ఇటు. కుడిచేతి పుస్తకం ఎగిరి బల్ల మీదున్న నోట్సును కొట్టింది. ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఉంది, మిగతా పని అది చూసుకుంది. ఒక కాగితం తడి బాటిల్‌కు అతుక్కుంది, ఇంకొకటి రూమ్మేట్ ఛాతీ మీద వాలింది.

"కాళ్ల మీదే పడ్డావా?" అన్నాడు వాడు.

"నడుం మీద."

"అయితే నువ్వు పిల్లివి కాదులే, పడుకో."

పడుకోవడమా! మంచం కింద దూరి కాగితాలు ఏరాను. ఒక్కదాని మీదా పేజీ నంబరు లేదు. 80 కాగితాలను ఎన్ని వరసల్లో పేర్చవచ్చో లెక్కేస్తే 119 అంకెల సంఖ్య వస్తుంది. అందులో సరైన వరస ఒక్కటే. సెమిస్టరంతా ఎక్కని ఎంట్రోపీ, మోకాళ్ల మీద కూర్చున్న అయిదు నిమిషాల్లో ఎక్కేసింది.

పొద్దున్నే పరీక్ష హాలు బయట నోట్సు తిరిగిచ్చాను. మొదటి కాగితం చూశాడు, రెండోది చూశాడు, తర్వాత నా మొహం చూశాడు.

"పేజీ నంబర్లు వేసుకోవాలని తెలీదట్రా నీకు?" అన్నాను, కోప్పడేదేదో ముందు నేనే కోప్పడితే మంచిదని.