ఎమ్మెస్సీ గణితం లక్ష్యమైతే డిగ్రీలో ఏ పేపర్లు తీసుకోవాలి?

కర్నూలు, అనంతపురం, కడప డిగ్రీ కాలేజీల్లో ఎలెక్టివ్ ఎంచుకునే వేళ సీనియర్లను అడిగే మొదటి ప్రశ్న ‘ఏ పేపర్లో మార్కులు తేలిగ్గా వస్తాయి?’ అనే. డిగ్రీతో ఆపేవారికి అది న్యాయమైన ప్రశ్నే. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీల్లో సీటుకు రాసే ఏపీ పీజీసెట్‌కు కూడా పెద్ద నష్టం లేదు. అందులో 100 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, అడిగేదీ డిగ్రీ సిలబస్సే. ఐఐటీలో ఎమ్మెస్సీ, ఆపై పీహెచ్‌డీ అనుకునేవారికి మాత్రం ఈ లెక్క సరిపోదు.

ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష అయిన ఐఐటీ జామ్ గణితంలో ఉండేది రియల్ అనాలిసిస్, బహుచరరాశుల కలనం, అవకలన సమీకరణాలు, లీనియర్ ఆల్జీబ్రా, గ్రూప్ థియరీ. మన దగ్గర సెమిస్టరంతా చదివే ఘన రేఖాగణితం, లాప్లాస్ పరివర్తనలు అందులో లేవు. అంతకన్నా ముఖ్యం, ప్రశ్న అడిగే తీరు. 60 ప్రశ్నల్లో పదింటికి ఒకటికి మించి సరైన జవాబులు ఉండొచ్చు. అన్నీ గుర్తిస్తేనే రెండు మార్కులు, ఒక్కటి వదిలినా సున్నా.

ఉదాహరణకు యూనిఫామ్ కంటిన్యుటీ. అంటే బిందువులు దగ్గరైతే ప్రమేయం విలువలూ అంతరమంతటా ఒకే కొలతలో దగ్గరవడం. సంవృతాంతరంలో (రెండు కొసలూ కలిసిన అంతరంలో) అవిచ్ఛిన్నమైన ప్రమేయం యూనిఫామ్లీ కంటిన్యువస్ అవుతుందన్న సిద్ధాంతాన్ని ప్రూఫ్‌తో సహా బట్టీపడితే సెమిస్టర్ పరీక్ష గట్టెక్కుతుంది. మరి 0, 1 మధ్య వివృతాంతరంలో (కొసలు కలవని అంతరంలో) 1/ఎక్స్ సంగతేమిటి? 1/ఎన్, 1/(ఎన్+1) బిందువులు తీసుకోండి (ఎన్ కనీసం 2). ఎన్ పెరిగేకొద్దీ వాటి మధ్య దూరం సున్నాకు చేరువవుతుంది. ప్రమేయం విలువలు మాత్రం ఎన్, ఎన్+1. తేడా ఎప్పుడూ 1, కాబట్టి యూనిఫామ్ కాదు. సిద్ధాంతంలో ‘సంవృత’ అన్న షరతు ఎందుకుందో ఈ చిన్న లెక్కతో తెలిసిపోతుంది. గైడ్లలో ఇంపార్టెంట్ ప్రశ్నలే చదివినవారు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. ప్రతి సిద్ధాంతానికీ ఒక్కో షరతు తీసేసి, ఎక్కడ కూలుతుందో చూపే ఉదాహరణ సొంతంగా రాసుకోవాలి. రియల్ అనాలిసిస్‌కు ఇంతకుమించిన ప్రిపరేషన్ లేదు.

ఎలెక్టివ్‌ల విషయంలో మా అభిప్రాయం ఇది: స్పెషల్ ఫంక్షన్లకూ సంకీర్ణ చలరాశి ప్రమేయాలకూ (కాంప్లెక్స్ అనాలిసిస్) మధ్య ఎంచుకునే వీలుంటే రెండోదే తీసుకోండి. ఎమ్మెస్సీలో ఎలాగూ ఎదురవుతుంది, పరిశోధన ఫెలోషిప్‌కూ, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకూ రాసే సీఎస్ఐఆర్ నెట్‌లోనూ ఉంది. నంబర్ థియరీ కూడా నెట్‌కు పనికొస్తుంది. పైగా సొంతంగా ప్రూఫ్ రాయడం నేర్చుకోవడానికి అంత అనువైన పేపర్ మరొకటి లేదు. మల్టిపుల్ ఇంటిగ్రల్స్ ఉన్న పేపర్ జామ్‌కు నేరుగా ఉపయోగం. న్యూమరికల్ మెథడ్స్‌ను తక్కువగా చూడొద్దు. అప్లైడ్ వైపు వెళ్లేవారు దాన్ని పైథాన్‌లో ప్రోగ్రాములు రాస్తూ చదివితే బాగా కలిసొస్తుంది.

ఇక కాలం సంగతి. జామ్ ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి. మీ కాలేజీలో లీనియర్ ఆల్జీబ్రా ఐదో సెమిస్టర్‌లో ఉంటే అప్పటిదాకా ఆగొద్దు, రెండో ఏడాదిలోనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ పోర్టల్‌లో ఆ కోర్సు మొదలుపెట్టండి. కోర్సులు జనవరిలో, జులైలో ప్రారంభమవుతాయి. వాటి క్రెడిట్లు డిగ్రీలో కలవాలంటే చేరకముందే కాలేజీ ఆమోదం రాతపూర్వకంగా తీసుకోండి.