చెట్టు మీంచి పడ్డవాడికి మంచంలో ఇంకో గండం

2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు, చెట్టెక్కినప్పుడు జారి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. ఎప్పుడో జరగాల్సిన మంచి పని అది. మరి ఇప్పటికే తాటిచెట్టు మీంచి పడి, వెన్నుపాము దెబ్బతిని, నడుము కింద చచ్చుబడిపోయినవాళ్ల సంగతి? వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో అట్లా మంచాన పడ్డవాళ్లను పడక పుండ్లు రెండోసారి దెబ్బతీస్తున్నాయి.

మనం నిద్రలో కూడా ఒత్తిగిలుతూనే ఉంటాం. ఒకచోట బరువు ఎక్కువైతే ఒళ్లే కదిలిస్తుంది. స్పర్శ పోయినవాడికి అది తెలియదు. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన కండకు రక్తం అందక కొన్ని గంటల్లోనే దెబ్బ మొదలవుతుంది. పిరుదుల పైభాగం, తుంటి, మడమలే ముందు పాడవుతాయి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలినా తెల్లబడలేదంటే అప్పటికే మొదలైనట్టు. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనబడదు, చేత్తో తడిమి వేడినీ గట్టిదనాన్నీ గుర్తుపట్టాలి. అప్పుడే ఆ చోట బరువు తీసేస్తే చాలావరకు మానుతుంది. వదిలేస్తే ఎముక దాకా పోతుంది, చీము రక్తంలోకి ఎక్కితే ప్రాణం మీదికే వస్తుంది.

ప్రాణం నిలిచినా ఆ బతుకు ఎట్లా ఉంటుందో పరకాల దగ్గర ఒక ఇంట్లో చూశాను. వాసన వస్తుందని మంచాన్ని వసారాలోకి మార్చారు. పలకరించడానికి వచ్చిన చుట్టం మెట్ల దగ్గరే నిలబడి రెండు మాటలు మాట్లాడి పోయాడు. మంచం మీది మనిషికి కారణం తెలుసు. ఆయన రాత్రి అన్నం మానేశాడు, తింటే తెల్లారి భార్యే బట్టలు మార్చాలని. మాంసకృత్తులు అందకపోతే పుండు మానదు, పుండు మానకపోతే కూర్చోలేడు. అందుకే వీల్‌చైర్ గోడకు ఆనించి ఉంది. దాంట్లో కూర్చుని చిన్న కిరాణా కొట్టు పెట్టుకోవాలని ఆయన అనుకున్నాడు. ఆమె రాత్రంతా ఫోన్‌లో అలారం పెట్టుకుని రెండు గంటలకోసారి లేచి పక్క మారుస్తోంది, పొద్దున పత్తి ఏరడానికి పోలేకపోతోంది.

ఇట్లాంటి ఇళ్లలో పుండు లేస్తే ఇంటివాళ్లు సరిగా చూసుకోలేదనడం నాకు అన్యాయంగా తోస్తుంది. వాళ్లకు ఎవరు నేర్పారు? తెలియకనే పుండులో స్పిరిట్ పోస్తారు, ఎర్రబడ్డ చోట గట్టిగా రుద్దుతారు, మధ్యలో బొక్క ఉన్న గుండ్రటి దిండు పెడతారు. మూడూ చెరుపే చేస్తాయి.

డిశ్చార్జి కాగితం మీద మందుల పేర్లు రాసి పంపితే సరిపోదు. నర్సు ముందు ఇంటి మనిషి ఒక్కసారైనా తన చేతులతో పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, మడమలు పరుపుకు ఆనకుండా లేపి చూపించాకే రోగిని ఇంటికి పంపాలి. ఆశా కార్యకర్త వారానికోసారి వీపు, మడమలు చూసి రాసుకునే ఏర్పాటు కావాలి, ఆ పనికి ఆమెకు వేరుగా డబ్బులివ్వాలి. కిట్టు కోసం ఖర్చుపెట్టిన ప్రభుత్వం ఇప్పటికే పడ్డవాళ్లకు ఎయిర్‌బెడ్, అంటే గాలి నింపే పరుపు కూడా ఇవ్వాలి. అయితే ఎయిర్‌బెడ్ ఉన్నా పక్క మార్చడం మానొద్దని ఇచ్చే రోజే చెప్పాలి.