ఒక్క సీసా, రెండు లెక్కలు

టెక్సస్‌లోని ఆస్టిన్ చుట్టుపక్కల డిసెంబరు వచ్చిందంటే సీడర్ చెట్ల పుప్పొడి గాలికెక్కుతుంది. ఒళ్లు కాలకపోయినా దాన్ని అక్కడివాళ్లు 'సీడర్ ఫీవర్' అనే అంటారు. మన దేశంలో ఉన్నన్నాళ్లూ తుమ్మెరగనివాళ్లు కూడా అక్కడ కాపురం పెట్టిన కొన్నేళ్లకు అలర్జీ డాక్టర్ దగ్గర తేలుతుంటారు. మాత్రలకు, ముక్కు స్ప్రేలకు లొంగకపోతే అలర్జీ షాట్లు, అంటే సూదులు. మొదట్లో వారానికి ఒకటి రెండుసార్లు, మోతాదు నిలకడకొచ్చాక రెండు నుంచి నాలుగు వారాలకోసారి, మొత్తం మూడు నుంచి ఐదేళ్లు. వెళ్లిన ప్రతిసారీ ఒక బిల్లు పుడుతుంది. ఆ బిల్లుకు కోడ్ వేసేది, అంటే చేసిన వైద్యాన్ని బీమా కంపెనీకి అర్థమయ్యే అంకెల్లోకి మార్చే కోడర్, హైటెక్ సిటీలో కూర్చున్న మరో తెలుగమ్మాయి కావచ్చు. షాట్ వేయించుకునేవారికి కనిపించేది బిల్లు, కోడర్‌కు కనిపించేది అంకెలు. ఈ రెంటికీ మూలమైన షాట్ రికార్డును ఇద్దరూ సరిగా చదవరన్నదే నా ఫిర్యాదు.

ఆ రికార్డులో ఏముంటుందో చూడండి. 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ ఎక్కించినప్పటి నుంచీ ఈ వైద్యం సూత్రం మారలేదు: ఒంటికి ఏది పడదో దాన్నే సూదిలో పెట్టి ఇస్తారు. అందుకే మోతాదు తప్పితే ప్రాణం మీదికొస్తుంది. అమెరికా క్లినిక్కులు సీసాల మూతలకు రంగులు వాడతాయి. ఎరుపు అసలు గాఢత, పసుపు దానిలో పదో వంతు, నీలం నూరో వంతు, ఆకుపచ్చ వెయ్యో వంతు. '0.05 ఇచ్చాం' అని రాసి రంగు రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు. నీలం సీసాలో 0.05, ఎరుపు సీసాలో 0.05 మధ్య తేడా వంద రెట్లు. ఏ సీసా, దాని గడువు, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ చెయ్యి, కిందటిసారి వాపు ఎంత, ఈ వారం ఆయాసం ఉందా, బీపీకి బీటా బ్లాకర్ ఏమైనా మొదలుపెట్టారా, షాట్ తర్వాత అరగంట కూర్చున్నారా, లేచేముందు చెయ్యి ఎలా ఉంది... ఇవన్నీ ఉండాలి. మధ్యలో వారాలు తప్పితే మోతాదు తగ్గించాలి. తగ్గించారో లేదో తెలిసేది ఈ కాగితం వల్లే.

'రాయనిది చేయనట్టే' అని కోడింగ్ క్లాసులో మొదటి రోజే చెబుతారు. ఆడిట్ భయంతో చెబుతారు. అలర్జీ షాట్ల దగ్గర ఆ మాట అసలు బరువు వచ్చేవారం సూది పట్టుకునే నర్సుకు తెలుస్తుంది.

ఇక కోడ్ల సంగతి. సూది వేసినందుకు రెండే కోడ్లు: ఒక్క షాట్ అయితే 95115, రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే 95117. మూడు షాట్లు పడ్డా 95117 ఒక్క యూనిటే. కొత్తగా చేరినవాళ్లు మొదటి షాట్‌కు 95115, మిగతావాటికి 95117 అని రెండూ వేసి డినయల్ (బీమా కంపెనీ తిరస్కారం) తెచ్చుకుంటారు. అదే రోజు డాక్టర్ విజిట్ కూడా బిల్లు చేయాలంటే షాట్‌తో సంబంధం లేని పని జరిగినట్టు నోట్‌లో కనబడాలి, అప్పుడే 25 మోడిఫయర్, అంటే విజిట్ విడిగా జరిగిందని కోడ్ పక్కన పెట్టే గుర్తు. 'ఎలా ఉన్నారు, బానే ఉన్నాను' అనే పలకరింపు విజిట్ కాదు. ఇంతవరకూ పెద్ద చిక్కు లేదు.

చిక్కంతా 95165లో ఉంది. ఇది సీసా తయారుచేసి ఇచ్చినందుకు వేసే కోడ్, డోసుల లెక్కన. డోసంటే ఎంత? కోడ్ల పుస్తకం ప్రకారం ఒక్క షాట్‌లో ఎక్కించేంత. 65 దాటినవారి ప్రభుత్వ బీమా మెడికేర్ లెక్క వేరు: సీసాలో ఒక్కో మిల్లీలీటరు ఒక్కో డోసు, సీసాకు పదికి మించి ఇవ్వరు. పది మిల్లీలీటర్ల సీసాలోంచి అర మిల్లీలీటరు చొప్పున ఇరవై షాట్లు వస్తాయి. కోడ్ల పుస్తకం లెక్కలో అవి ఇరవై డోసులు, మెడికేర్ లెక్కలో పదే. రెండేసి మిల్లీలీటర్లు తీసి ఐదు షాట్లే ఇచ్చినా పదికి బిల్లు చేయొచ్చు. గాఢమైన సీసాను పలచన చేసి పసుపు, నీలం సీసాలు కట్టినా వాటికి మెడికేర్ విడిగా పైసా ఇవ్వదు. ప్రైవేటు బీమా కంపెనీల్లో ఒక్కోదానిది ఒక్కో దారి.

వైద్యం దృష్టితో చూస్తే మెడికేర్ నిర్వచనానికి తలాతోకా లేదు. మిల్లీలీటరు షాట్ అంత మామూలు కాదు. అయినా నాకు అదే మెరుగనిపిస్తుంది. డోసంటే షాటే అయితే, సీసాను ఎన్ని చిన్న చుక్కలుగా పంచితే అంత రాబడి. ద్రవాన్ని కొలిస్తే ఆ సందు మూసుకుపోతుంది. సూది కోడ్‌కు వచ్చేది స్వల్పం, సీసా కోడ్ యూనిట్ల లెక్కన పెరుగుతుంది. సొమ్ము ఎటు ఉంటే లెక్క అటు వాలుతుందని వేరే చెప్పాలా? కొలత మోటుగా ఉన్నా సరే, చూసి కొలవగలిగిందే మేలు.

నన్ను ఇబ్బంది పెట్టేది మరొకటి. సీసా కట్టిన రోజే దాని బిల్లు వెళ్లిపోతుంది. షాట్లు మాత్రం నెలల తరబడి సాగుతాయి. రెండు షాట్లు వేయించుకుని ఉద్యోగం మారి ఊరు వదిలేసినవాళ్ల ఇంటికి ఇరవై డోసుల స్టేట్‌మెంట్ వస్తుంది. "మోసం" అంటారు. మోసం కాదు, సీసా నిజంగానే వాళ్ల పేరు మీద, వాళ్ల పరీక్షల్లో తేలినవాటితోనే కట్టారు. ఇంకొకరికి పనికిరాదు. కానీ ఆ మాట సీసా కట్టకముందు చెప్పి, సంతకం తీసుకుని, చార్ట్‌లో పెట్టాల్సింది క్లినిక్కే. ఆ ఒక్క కాగితం లేకే బిల్లు బకాయిల కోసం ఇక్కణ్నుంచి ఫోన్లు చేసే మన ఏఆర్ కాలర్లు రాత్రిళ్లు ఫోన్లో తిట్లు తింటారు.

అమీర్‌పేట బోర్డుల కింద నేర్పే కోర్సుల్లో 95165 పక్కన 'యూనిట్లు చూసుకో' అని ఉంటుంది. డోసు ఎవరి లెక్కలో ఎంతో, ఎందుకో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఉద్యోగంలో చేరాక రోజుకిన్ని చార్టులన్న టార్గెట్. సీసా ఎన్ని మిల్లీలీటర్లో నోట్‌లో లేకపోతే ఊహించి వేయకూడదు, డాక్టరుకు క్వెరీ (రాతలో ప్రశ్న) పంపాలి. క్వెరీ పంపితే ఆ చార్ట్ ఆరోజు లెక్కలోకి రాదు. తప్పు కోడర్‌దా, టార్గెట్ పెట్టినవాడిదా?

అమెరికాలో ఇల్లు వదిలి కాలేజీకి వెళ్లే పిల్లల సంగతి చూస్తే ఈ కాగితం విలువ ఇంకా తెలుస్తుంది. పద్దెనిమిది నిండి కాలేజీకి వెళ్లే పిల్ల తన సీసాలను చల్లటి సంచిలో పెట్టుకుని వేరే ఊరు తీసుకెళుతుంది. సీసా కట్టిన డాక్టరు 95165 వేస్తాడు, కాలేజీ క్లినిక్ సూది వేసినందుకు 95115 గానీ 95117 గానీ వేస్తుంది. అక్కడి నర్సు ఆ పిల్లను ఎప్పుడూ చూడలేదు. కిందటి షాట్ ఎర్ర సీసాలో 0.3, చేతి మీద రూపాయి బిళ్లంత వాపు, రెండు వారాలు మానేసింది అని కాగితంలో ఉంటే ఆగి ఆలోచిస్తుంది. లేకపోతే షెడ్యూల్ చూసి 0.4 ఎక్కిస్తుంది.