ఒక్క క్రాన్ లైనుతో బ్యాకప్ అయిపోద్దా?

"లైనక్స్ వాడేవాళ్ళకి బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు దండగ, ఆర్‌సింక్‌ని డిలీట్ ఆప్షన్‌తో క్రాన్‌లో పెట్టి హాయిగా నిద్రపోండి" అనే ఆ మెసేజ్ ఇంకా ఎన్నాళ్ళు తిప్పుతార్రా బాబూ. క్రాన్ అంటే చెప్పిన టైముకి కమాండ్లు తనే నడిపేది, ఆర్‌సింక్ అంటే ఫోల్డర్లని ఇంకోచోటికి కాపీ చేసే టూలు, డిలీట్ ఆప్షన్ పెడితే ఇక్కడ లేని ఫైళ్ళు కాపీలోంచి కూడా తీసేస్తది. పంపిన ప్రతివాడికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, ఇక్కడే చెప్పేస్తున్నా.

లైనక్స్‌కి వైరస్‌లు రావంట, కాబట్టి ఫైళ్ళు సేఫంట. డిస్క్ చావడానికి వైరస్ ఎందుకండీ? ఎక్స్‌టీ4లో, అంటే లైనక్స్ మామూలుగా వాడే ఫైల్‌సిస్టమ్‌లో, జర్నల్ ఉందంట. ఉంది, కరెంటు పోతే ఫైల్‌సిస్టమ్ చెడిపోకుండా చూడ్డం దాని పని, మీరు ఆర్ఎం కమాండ్ కొట్టి చెరిపేసిన ఫోల్డర్ తెచ్చివ్వడం కాదు. సిస్టమ్‌ని పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ ఉందిగా అంటే, అది డిఫాల్ట్‌గా మీ హోమ్ ఫైళ్ళ జోలికే పోదు, సెట్టింగ్స్ తెరిచి చూస్కోండి.

అసలు కొంప ముంచేది ఆ క్రాన్ లైనే. ఇవాళ పొరపాటున ఏదన్నా చెరిపేస్తే రాత్రికి కాపీలోంచీ పోద్ది, ఫైలు పాడైతే ఆ పాడైందే మంచిదాని మీద పడుద్ది, మీకు తెలిసేసరికి వారం దాటుద్ది. ఇంకా ఘోరం ఏంటంటే ఫొటోలున్న డిస్క్ ఆ రోజు మౌంట్ అవ్వలేదనుకోండి, అంటే సిస్టమ్‌కి తగుల్కోలేదనుకోండి, అక్కడ మిగిలేది ఖాళీ ఫోల్డర్, ఆర్‌సింక్‌కి అది ఎర్రరేం కాదు, "ఓహో సారు అన్నీ తీసేశారన్నమాట" అనుకుని అవతల ఉన్నవన్నీ శ్రద్ధగా తుడిచిపెట్టేస్తది. సారేమో నిద్రలో ఉంటారు, మెసేజ్‌లో చెప్పినట్టే.

తప్పు ఆర్‌సింక్‌ది కాదు. 1996 నుంచి ఉన్న టూలు, లింక్-డెస్ట్ అని ఆప్షన్ కూడా ఉంది, రోజుకో ఫోల్డర్ చేస్తది, మారని ఫైళ్ళు హార్డ్ లింకులే, అంటే పాత ఫైలుకే ఇంకో పేరు, కాబట్టి జాగా పెద్దగా తినదు. మ్యాక్స్-డిలీట్ పెడితే లిమిట్ దాటి చెరపదు. ఇదంతా తలనొప్పి అనుకుంటే బోర్గ్, రెస్టిక్ అనే బ్యాకప్ టూళ్ళు ఉన్నాయి, వాటి పాస్‌వర్డ్ మాత్రం అదే కంప్యూటర్లో దాచుకోకండి!

"ఎర్రర్ మెయిల్ రాలేదంటే బ్యాకప్ బాగున్నట్టే" అంట. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు గిట్‌ల్యాబ్ వాళ్ళ డేటాబేస్ పోయినప్పుడు చూస్తే డంప్‌లు, అంటే డేటాబేస్‌ని ఫైల్లోకి తీసే కాపీలు, వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతూనే ఉన్నాయి, ఆ సంగతి చెప్పే మెయిళ్ళేమో రిజెక్ట్ అయిపోయాయి. వేరే పనికోసం 6 గంటల ముందు ఉన్నదున్నట్టు తీసిన కాపీ, అదే స్నాప్‌షాట్, ఆదుకుంది. కాబట్టి మెయిల్ కోసం చూడకండి, అప్పుడప్పుడూ ఒక ఫోల్డర్ రిస్టోర్ చేసి చూడండి.

సిస్టమ్ మొత్తం ఇమేజ్ తియ్యక్కర్లేదు, హోమ్ (మీ ఫైళ్ళు), ఈటీసీ (సిస్టమ్ సెట్టింగ్స్), ప్యాకేజీల లిస్టు ఉంటే చాలు అని ఆ మెసేజ్‌లో ఉన్న పాయింటు మాత్రం కరెక్టే, ఒప్పుకుంటా. నడుస్తున్న సిస్టమ్ మీద డీడీ (డిస్క్ మొత్తాన్ని యథాతథంగా కాపీ చేసే కమాండ్) కొట్టి అదే బ్యాకప్ అనుకునేవాళ్ళకన్నా ఆ రాసినాయన చాలా నయం. కాకపోతే డేటాబేస్ ఉంటే దాని డంప్ వేరేగా తీస్కోండి, నడుస్తుండగా కాపీ చేసిన ఫైళ్ళు తర్వాత తెరుచుకుంటాయన్న గ్యారంటీ లేదు.