పాత జపనీస్ మనకెందుకు? అక్కా తమ్ముళ్ల వాదోపవాదం

(అక్క జపనీస్ దుభాషి. తమ్ముడు ఆమె దగ్గరే నేర్చుకుని జపనీస్ ప్రావీణ్య పరీక్షలో ఎన్2 స్థాయి పాసయ్యాడు, దాని పై స్థాయి ఎన్1. ఇప్పుడు ‘బుంగో’, అంటే పాత సాహిత్య జపనీస్ వ్యాకరణం పట్టుకున్నాడు. ఆదివారం పొద్దున, వంటింట్లో.)

అక్క: ఎన్1 పరీక్ష దగ్గర పడుతుంటే ఈ పుస్తకం ఏంట్రా?

తమ్ముడు: ఎన్2లోనే వచ్చిందక్కా ఈ భాష. ‘సెజరు ఓ ఎనయ్’, చేయక తప్పదు అని. నువ్వే బట్టీ కొట్టించావు. ఆ ‘జరు’ ఎక్కడిదంటే ‘అదంతే’ అన్నావు. వ్యతిరేకం చెప్పే పాత ‘జు’కి ‘అరు’ కలిస్తే ‘జరు’ అయింది. సంధి, అంతే!

అక్క: అదంతే అనుకునే పాసయ్యావుగా! పార్కులో ‘బెకరజు’ అని బోర్డుంటే గడ్డి మీద నడవకూడదని తెలిస్తే చాలు. దాని రూపాలన్నీ వల్లెవేసేలోపు వాచ్‌మన్ వచ్చేస్తాడు.

తమ్ముడు: సరే, రోజూ అనే మాటే చూద్దాం. ‘అరిగతో’, అంటే థాంక్స్. ఒకప్పుడది ‘అరిగతకు’. మధ్యలో క జారిపోయి ‘అరిగతఉ’ అయింది. ఆ ‘అఉ’ కలిసి ‘ఓ’ అయింది. ‘ఒహయో’, అంటే గుడ్ మార్నింగ్, అదీ ఇంతే, ‘హయకు’ నుంచి వచ్చింది. పొద్దున్నే పలకరించిన ప్రతిసారీ నువ్వు పాత భాషే మాట్లాడుతున్నావు.

అక్క: కథ బాగుంది. నేనూ చదివాన్రా ఒక సెమిస్టర్. ‘సకిను’ అంటే పూసింది, ‘సకను’ అంటే పూయని. ఒక్క అచ్చు మారితే చెట్టుకి పువ్వే లేదు! టెన్షన్‌లో పరీక్ష నిండా పూసిన పూలన్నీ రాల్చేశాను.

తమ్ముడు: అవి రెండు వేర్వేరు ‘ను’లు అక్కా. ముందున్న అచ్చు చూసుకోవాలి.

అక్క: వాళ్లే వదిలించుకున్న బరువు నువ్వెందుకు మోస్తావు? ఫుతబతెయ్ షిమెయ్ 1887లో ‘ఉకిగుమొ’ నవలని మాట్లాడే భాషకి దగ్గరగా రాయడం మొదలుపెట్టాడు. మన గిడుగు వారి గొడవ లాంటిదే అది. అయినా సర్కారు మారలేదు. 1945 ఆగస్టు 15న యుద్ధం ముగిసిందని చక్రవర్తి రేడియోలో చెబితే చాలామందికి అర్థమే కాలేదు. రేడియో గరగర ఒకటి, ఆ గ్రాంథికం ఒకటి. దేశం ఓడిపోయిందన్న సంగతి కూడా పక్కవాడు విడమరిచి చెప్పాల్సి వచ్చిందంటే అదేం భాషరా? మరుసటేడు రాజ్యాంగం వాడుక భాషలో వచ్చింది. సీతాకోకచిలుకని ‘తెఫుతెఫు’ అని రాసి ‘చోచో’ అని చదివే బాధా ఆ ఏడే పోయింది, మనకి అరసున్న పోయినట్టు.

తమ్ముడు: రేడియో సంగతికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ రాజ్యాంగం తెరిచి చూడు. భాష కొత్తది, స్పెల్లింగ్ పాతదే! రాయడం మానేశారు గానీ చదవడం మానలేదు, హైస్కూల్లో ఇప్పటికీ ‘కొబున్’, అంటే పాత సాహిత్యం పాఠం ఉంది.

అక్క: ఉంటే ఉండనీ. ఆ పాత పుస్తకాలన్నీ ఇప్పటి జపనీస్‌లో దొరుకుతాయి.

తమ్ముడు: ఇది విను. 1000వ సంవత్సరం ప్రాంతంలో సెయ్ షోనగొన్ అనే రాణివాసపు ఉద్యోగిని రాసింది. ‘అరిగతకి మొనొ’ అని ఒక జాబితా. ‘థాంక్స్ చెప్పుకోవాల్సినవి’ అనుకుంటున్నావా? కాదు. అప్పటి అర్థం ‘ఉండటమే కష్టం’, అంటే అరుదైనవి. మొదటిది, మామగారు మెచ్చుకునే అల్లుడు.

అక్క: రెండోది?

తమ్ముడు: అత్తగారి అభిమానం దక్కిన కోడలు.

(అక్క గరిట పక్కన పెట్టింది.)

అక్క: వెయ్యేళ్ల కిందటా! ఏదీ, ఆ పేజీ ఇటివ్వు... ‘ఒమొవరురు’, అభిమానం దక్కిన అని. ఇప్పుడైతే ‘ఒమొవరెరు’ అంటాం కదా, ఇక్కడ ఈ రెండో ‘రు’ ఎక్కణ్నుంచి వచ్చిందిరా?

తమ్ముడు: అదంతే అక్కా.