తలాంతును పాతిపెట్టింది ఎవరు?

ఒక యజమాని ముగ్గురు దాసులకు తలాంతులు అప్పగించి వెళ్లాడు. తలాంతంటే ఆ కథలో డబ్బు, మన ప్రసంగాల్లో దేవుడిచ్చిన ప్రతిభ. ఐదు తలాంతులు అందుకున్నవాడు మరో ఐదు సంపాదించాడు. రెండు అందుకున్నవాడు మరో రెండు. ఒక్కటి అందుకున్నవాడు భయపడి గొయ్యి తవ్వి దాచాడు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని ఈ ఉపమానం మీద ప్రసంగం వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. ప్రసంగం చివర పాస్టరుగారి పిలుపు కూడా అందరికీ కంఠతా వచ్చు. పాడగలవాళ్లు క్వాయర్‌లో చేరండి, కీబోర్డు వచ్చినవాళ్లు పేరివ్వండి, యూత్ వాళ్లు సౌండ్ సిస్టమ్ చూసుకోండి. అంతే. వేదిక మీద కనిపించనిదీ మైకులో వినిపించనిదీ మన సంఘాల లెక్కలో తలాంతే కాదు. కాబట్టి నేరమంతా బెంచీలో కూర్చున్న దాసుడి మీద మోపడం ఇకనైనా ఆపాలి. చాలాచోట్ల గొయ్యి తవ్వింది సంఘమే.

ఇది కొత్త జబ్బేం కాదు. 1883లో అన్నా కుగ్లర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. అప్పటికి ఆమె పెన్సిల్వేనియాలో వైద్య పట్టా పుచ్చుకుని నాలుగేళ్లయింది. అయినా లూథరన్ మిషన్ ఆమెను డాక్టరుగా పంపలేదు. వైద్యసేవ మొదలుపెట్టే ఆలోచన అప్పటికి దానికి లేదు. ఆమెకు అప్పజెప్పింది ఆడపిల్లల చదువు, ఘోషా ఇళ్లలో స్త్రీలకు బోధన. మగ డాక్టరు నాడి పట్టుకోవడానికి కూడా ఇళ్లవాళ్లు ఒప్పుకోని కాలంలో, దొరక్క దొరక్క దొరికిన లేడీ డాక్టరు చేత పాఠాలు చెప్పించారన్నమాట! ఆమె పాఠాలూ చెప్పారు, వైద్యమూ మానలేదు. రెండేళ్లకు, 1885లో, మిషనే దిగొచ్చి ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. 1898లో ఆసుపత్రి తెరుచుకుంది. 1930లో కన్నుమూసేదాకా ఆమె గుంటూరును వదల్లేదు.

ఈ కథను మనవాళ్లు త్యాగం కథగా చెప్పి కళ్లు తుడుచుకుంటారు. నాకు మాత్రం ఇందులో త్యాగం కంటే మొండితనం ఎక్కువ కనిపిస్తుంది. దేవుడు తన చేతికిచ్చిన విద్యను పక్కన పెట్టమని దేవుడి పేరు మీదే నడిచే సంస్థ చెబితే, ఆమె వినలేదు. విని ఉంటే మిషన్ రిపోర్టులో బడుల సంఖ్య ఒకటో రెండో పెరిగేది, గుంటూరుకు ఆ ఆసుపత్రి ఉండేది కాదు.

ఒంగోలు కథ ఇంకా ముందుది. అక్కడ పనిచేసిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయర్ల దగ్గర పనిచేశారు. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు ఆయన స్వయంగా తీసుకున్నారు. తన దగ్గరి బోధకులనే మేస్త్రీలుగా పెట్టి వేలమందికి కూలి ఇప్పించారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆ రోజుల్లో పరలోకం గురించి చెప్పగల మిషనరీలకు కొదవ లేదు. గొలుసు పట్టి నేల కొలవడం, మట్టి లెక్క కట్టడం తెలిసిన మిషనరీ ఎందరు? ‘సేవ పేరుతో ప్రలోభం’ అని నేడు గొంతు చించుకునేవాళ్లు ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. కూలి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాతే, 1878 జులై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

‘అయితే వాక్యపరిచర్య మానేసి సంఘాన్ని ఎన్జీవో చేయమంటారా?’ అని పెద్దలు అడుగుతారు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీసి, వాక్యం విడిచి భోజనాలు చూసుకోవడం తగదని అపొస్తలులే అన్నారుగా అంటారు. అన్నారు. అక్కడే ఆపకుండా అదే అధ్యాయంలో మరో నాలుగు వచనాలు చదివితే తెలుస్తుంది. భోజనాల పని చూడటానికి ఏడుగురిని ఎంచుకుని, ప్రార్థన చేసి, వాళ్ల మీద చేతులుంచారు. వడ్డనకు కూడా అభిషేకం ఉంది మరి. మన దగ్గర మూడు దశాబ్దాలు సర్కారు దవాఖానాలో డ్యూటీ చేసిన నర్సు మీద ఏ పాస్టరైనా చేతులుంచి, ఈ వాడలో బీపీ, షుగరు చూడటమే నీ పరిచర్య అన్నాడా?

నర్సు మాట వచ్చింది కనుక అసలు విషయానికి వస్తాను. ఏ ఆదివారమైనా మందిరంలో చూడండి, సగానికి పైగా ఆడవాళ్లే. వాళ్లలో టీచరమ్మలు, నర్సులు, ఆశా కార్యకర్తలు, బ్యాంకు ఉద్యోగులు, కుట్టుమిషను మీద ఇల్లు నడిపేవాళ్లు. సంఘం వాళ్లను అడిగేది ఏమిటి? స్త్రీల కూడికలో ఒక స్పెషల్ సాంగ్, ప్రేమవిందుకు వంట. లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్న ఆడమనిషి వెనక బెంచీలో కూర్చుంటే, కూడికలు సరిగ్గా రాని పెద్దమనిషి ముందు వరుసలో కూర్చుని సంఘం ఖాతా రాస్తాడు. ఆ ఖాతాల గొడవలు కోర్టుల దాకా ఎందుకు వెళ్తున్నాయో వేరే చెప్పాలా! ఇక పాస్టరమ్మ, అంటే పాస్టరుగారి భార్య, సంగతి సరేసరి. ఇంటింటికీ తిరిగేదీ, కాపురాలు సర్దేదీ, బాలింతను చూసొచ్చేదీ ఆమే. జీతమూ లేదు, పేరూ లేదు.

అపొస్తలుల కార్యముల్లోనే, యొప్పే అనే ఊళ్లో దొర్కా అనే ఆమె చనిపోయినప్పుడు విధవరాళ్లు ఏడుస్తూ అపొస్తలుడు పేతురుకు చూపించింది ఆమె కుట్టిన బట్టల్ని. ఆమె చేసిన ప్రసంగం ఒక్కటీ బైబిల్లో లేదు. అయినా ఆ పుస్తకం రాసిన లూకా ఆమెను శిష్యురాలు అనే రాశాడు. 2013లో నంద్యాల డయాసిస్‌కు, అంటే ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతానికి, పుష్పలలితగారు బిషప్ అయితే దక్షిణ ఇండియా సంఘం తొలి మహిళా బిషప్ అని అందరం చప్పట్లు కొట్టాం. కొట్టి మన మన సంఘాలకు తిరిగొచ్చి, ఆడవాళ్లు పుల్పిట్, అంటే ప్రసంగ వేదిక, ఎక్కవచ్చా లేదా అన్న పాత పంచాయితీకే కూర్చున్నాం. కుగ్లర్‌ను బడికి పంపిన బుద్ధి ఇంకా మనల్ని వదల్లేదు.

సంఘం రిజిస్టరు తీసి చూడండి. పేరు, బాప్తిస్మం తేదీ, పెళ్లి తేదీ, కానుక వివరాలు ఉంటాయి. ఏం పని తెలుసు, నెలకు ఎన్ని గంటలు ఇవ్వగలరు అన్న కాలమ్ మాత్రం ఉండదు. అదొక్కటి గీయండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపిపెట్టేవాడు, క్రైస్తవులైన ఎస్సీలకిచ్చే బీసీ-సీ సర్టిఫికెట్ కోసం మీసేవ చుట్టూ తిరిగే పిల్లకు తోడు వెళ్లేవాడు, డల్లాస్ నుంచి శనివారం రాత్రి ఇంటర్వ్యూ ప్రాక్టీసు చేయించే ఇంజినీరు, పొరుగు వీధి హిందూ ముసలమ్మకు కట్టు మార్చే నర్సు, అందరూ అందులో తేలతారు. దీనికి సినాడ్, అంటే సంఘాల పై సభ, తీర్మానం అక్కర్లేదు, విదేశీ నిధులు అక్కర్లేదు. ఒక స్కేలు, ఒక పెన్ను, పెద్దల ఒప్పుదల చాలు. మొదటి రెండూ దొరుకుతాయి.