కుర్చీ కొలత ఎవరు తీయాలి?

చక్రాల కుర్చీకి కొలతలు ఉంటాయి. చెప్పులకు ఉన్నట్టే, కళ్లజోడుకు ఉన్నట్టే. పదో నంబరు చెప్పులు ఊరందరికీ పంచి ఫ్లెక్సీ కడితే జనం నవ్విపోతారు. ఒకే కొలత కుర్చీలు లారీలో దింపి, వాటిలో మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీస్తే మాత్రం చప్పట్లు కొడతారు. కారణం ఒక్కటే. కుర్చీ ఎలా ఉండాలో తేల్చేవారిలో కుర్చీలో బతికేవారు లేరు. వారు ఉన్నచోట కుర్చీ రూపమే మారిపోయింది. అందుకు మోటివేషన్ అనే చిన్న బ్రిటిష్ స్వచ్ఛంద సంస్థ చరిత్రే సాక్ష్యం.

ఆ సంస్థ వెనక ఉన్న డేవిడ్ కాన్‌స్టంటైన్ 1982లో, 21 ఏళ్ల వయసులో, ఆస్ట్రేలియాలో నీళ్లలోకి దూకి మెడ విరగ్గొట్టుకున్నారు. అప్పటి నుంచి చక్రాల కుర్చీయే ఆయన కాళ్లు. తర్వాత లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో డిజైన్ చదువుతూ, తోటి విద్యార్థితో కలిసి పేద దేశాలకు పనికొచ్చే కుర్చీని గీశారు. దానికి బహుమతి వచ్చింది. ఇలాంటి బహుమతి బొమ్మలు సాధారణంగా అల్మారాలో పడి ఉంటాయి. వీరు మాత్రం బంగ్లాదేశ్ వెళ్లారు. వాలరీ టేలర్ అనే ఫిజియోథెరపిస్టు 1979లో ఢాకాలో నలుగురు రోగులతో మొదలుపెట్టిన పక్షవాత పునరావాస కేంద్రంలో, అక్కడే దొరికే సామానుతో కుర్చీలు తయారుచేయించారు. 1991లో మోటివేషన్ పుట్టింది. తర్వాత కాంబోడియాలో మందుపాతరలకు కాళ్లు పోగొట్టుకున్నవారి కోసం రూపొందించిన మెకాంగ్ కుర్చీ చెక్కతో చేసింది, మూడు చక్రాలది. దాన్ని తయారుచేసిన కార్మికుల్లోనూ వికలాంగులు ఉన్నారు.

అమెరికాలో రాల్ఫ్ హాచ్‌కిస్ కథ కూడా ఇదే దారిలో నడిచింది. 1966లో మోటారు సైకిల్ ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన ఇంజినీరు ఆయన. 1980లో నికరాగువా వెళ్లినప్పుడు ఒకే కుర్చీని నలుగురు కుర్రాళ్లు పంచుకుంటూ కనిపించారు. ఆ కుర్చీని వాళ్లు తమ దారులకు తగ్గట్టు మార్చుకున్నారు కూడా. తరగతి గదిలో దొరకని పాఠం ఆ కుర్రాళ్ల దగ్గర దొరికిందని ఆయన గుర్తించారు. విర్ల్‌విండ్ కుర్చీ అక్కడి నుంచే మొదలైంది. దాని నమూనాలను పేటెంటు గుప్పిట్లో పెట్టకుండా ఎవరైనా చేసుకునేలా వదిలేశారు.

ఇద్దరూ కుర్చీలో కూర్చుని ఆలోచించినవారే. నిలబడి ఆలోచించే ఇంజినీరుకు తెలివి తక్కువని నేననడం లేదు. ఆయనకు అందని సమాచారం ఒకటుంది.

వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి దెబ్బ కింది భాగంలో స్పర్శ తెలియదు. గట్టి బల్ల మీద కాసేపు కూర్చుంటే మనం తెలియకుండానే అటూ ఇటూ కదులుతాం. నొప్పి మనల్ని కదిలిస్తుంది. వారికి ఆ కబురు అందదు. పిరుదుల్లోని రెండు ఎముకల కొసల మీద ఒంటి బరువంతా ఆనుతుంది. తగిన మెత్త లేకపోతే కొన్ని గంటల్లోనే అక్కడి కండకు రక్తం అందకుండా పోతుంది. పైకి కనిపించేది ఎర్రటి మచ్చే, లోపల గుంత పడుతూ ఉంటుంది. పుండు చీము పట్టి ఎముకకు పాకుతుంది, విషం రక్తంలోకి ఎక్కి మనిషి పోతాడు. కుర్చీ మరీ వెడల్పైతే ఒళ్లు ఒక పక్కకు ఒరుగుతుంది, ఎదిగే పిల్లల్లో వెన్నెముక వంకర తిరుగుతుంది. పాదాల పలక మరీ ఎత్తుగా ఉంటే మోకాళ్లు పైకి లేచి, భారమంతా మళ్లీ ఆ ఎముకల మీదికే వస్తుంది. ఉచితంగా ఇచ్చిన కుర్చీ ప్రాణం తీయగలదు. ఈ మాట ఆవేశంతో కాదు, తెలిసే రాస్తున్నాను.

ఇక దారి సంగతి. ఆసుపత్రి వరండాలో నున్నగా సాగే కుర్చీకి ముందు రెండు చిన్న చక్రాలుంటాయి. మట్టిదారిలో అవి గుంతలో దిగబడితే మనిషి ముందుకు బోర్లా పడతాడు. మోటివేషన్ వారు ఆ రెంటి స్థానంలో ఒకే చక్రం పెట్టి, దాన్ని బాగా ముందుకు జరిపారు. కుర్చీ కాస్త పొడవైంది, బోల్తా పడటం తగ్గింది. ముందుకు పడతానేమోనన్న భయం అనుభవించినవాడికే ఆ చక్రం ఎక్కడుండాలో తోస్తుంది.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయను. నేల మీద పాకే మనిషికి ఏదో ఒకటి దొరికితే మేలే కదా, కొలతలంటూ కూర్చుంటే లక్షల మందికి ఎప్పటికి అందుతుంది అంటారు. 2001లో అమెరికాలో మొదలైన ఫ్రీ వీల్‌చైర్ మిషన్ ఈ తర్కంతోనే తోటల్లో వేసుకునే తెల్ల ప్లాస్టిక్ కుర్చీకి చక్రాలు తగిలించి దేశదేశాలకు పంపింది. జనాభాలో సుమారు 1 శాతం మందికి చక్రాల కుర్చీ కావాలన్న అంచనా చూస్తే ఆ తొందర అర్థమవుతుంది. కానీ కొలతల్లేని ఆ దారి సరిపోదని అదే సంస్థ తర్వాత వేర్వేరు సైజుల కుర్చీలు తెచ్చి ఒప్పుకుంది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కుర్చీ అందించడాన్ని ఎనిమిది మెట్ల పనిగా చెప్పాయి. అందులో మనిషిని పరీక్షించడం, ఒంటికి సరిచేయడం, వాడకం నేర్పడం, తర్వాత మరమ్మతు చూడటం ఉన్నాయి. కుర్చీ చేతికివ్వడం ఆ వరసలో ఒక్క భాగమే. మన లెక్కలు మాత్రం ఆ ఒక్కదాని దగ్గరే ఆగిపోతాయి.

అసలు తగవు కుర్చీతో తీరేది కాదు, అధికారం దగ్గర ఉంది. 1980లో కెనడాలోని విన్నిపెగ్‌లో పునరావాస నిపుణుల అంతర్జాతీయ మహాసభ జరిగింది. నిర్ణయాలు చేసే ప్రతినిధుల్లో సగం మంది వికలాంగులే ఉండాలని అక్కడికి వచ్చిన వికలాంగులు అడిగారు. సభ తిరస్కరించింది. వాళ్లు వేరుగా కూడి, మరుసటి ఏడాది సింగపూర్‌లో డిసేబుల్డ్ పీపుల్స్ ఇంటర్నేషనల్ అనే తమ సొంత అంతర్జాతీయ సంఘాన్ని నిలబెట్టారు. వైద్యం చేసేవారు, దానం చేసేవారు, చదువు చెప్పేవారు ఒక వైపు, వారి దయ మీద బతకాల్సినవారు మరో వైపు అన్న ఏర్పాటును వాళ్లు ఆ రోజు కాదన్నారు. ‘మేం లేకుండా మా గురించి ఏదీ వద్దు’ అన్న నినాదానికి బలం అక్కడి నుంచే వచ్చింది. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం కూడా వికలాంగుల సంఘాలతో సంప్రదించాకే నిర్ణయాలు చేయమంది. భారత్ 2007లో దాన్ని ఆమోదించింది.

మన రాష్ట్రాల్లో చర్చ ఎంతసేపూ పింఛను చుట్టే తిరుగుతోంది. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలైంది, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000 అయింది. పోరాడి పెంచుకున్న సొమ్ము అది, తక్కువ చేయను. కానీ ఆ పింఛను తీసుకునే మనిషి ఏ కుర్చీలో కూర్చుంటున్నాడు, దానికి మెత్త ఉందా, టైరు పోతే ఊళ్లో సైకిల్ షాపులో దొరుకుతుందా అని ఏ అసెంబ్లీ సమావేశంలో గట్టిగా అడిగారు? ‘వికలాంగులు’ అనాలా ‘దివ్యాంగులు’ అనాలా అని పత్రికల్లో వాదించుకున్నాం. పేరు మారింది, కుర్చీ వెడల్పు మారలేదు. కొనుగోలు కమిటీలో కుర్చీ వాడేవారికి సగం స్థానాలు ఇవ్వాలి. కొలత తీయకుండా ఒక్క కుర్చీ కూడా ఇవ్వకూడదు. ఆరు నెలల తర్వాత ఎన్ని కుర్చీలు వాడుకలో ఉన్నాయో లెక్క బయటపెట్టాలి.

ఒక పట్టణంలో పంపిణీ శిబిరానికి వెళ్లాను. షామియానా, ప్లాస్టిక్ పూలు, మూడు మెట్ల వేదిక. పదేళ్ల పిల్లను చంకనెత్తుకుని ఒక తల్లి వరసలో నిలబడింది. పెద్దవాళ్ల కుర్చీ ఇచ్చారు. పిల్లను కూర్చోబెడితే రెండు వైపులా జానెడు ఖాళీ మిగిలింది. “ఇది మా గడప దాటుతుందా అయ్యా?” అని ఆమె అడిగింది. సంతకం పెట్టించుకుంటున్న ఉద్యోగి వెనక జనం ఉన్నారని చెప్పి కాగితం ముందుకు జరిపాడు. పందిరి గుంజ పక్కన, చేతులతో తిప్పే మూడు చక్రాల బండిలో యాభై ఏళ్ల మనిషి ఒకాయన ఇదంతా చూస్తున్నాడు. చిన్నప్పుడు పోలియో వచ్చిందట. ఆమెను పిలిచి, పిల్ల నడుమును జానతో కొలిచాడు, తర్వాత సీటును కొలిచాడు. ఆ రోజు అక్కడ కొలత తీసింది ఆయనొక్కడే.

“పాత బొంత మడిచి రెండు పక్కలా కుక్కు తల్లీ, ఒరిగిపోకుండా ఉంటుంది. కింద కూడా మెత్తగా ఏదైనా వెయ్యి. రోజూ రాత్రి పడుకోబెట్టేటప్పుడు వెనకవైపు దీపం పెట్టి చూడు. ఎర్రగా కనిపిస్తే అది తగ్గేదాకా కూర్చోబెట్టకు” అన్నాడు.